వాహన సందేహాలు: ఎనిమిది నెలలకే చెడిన బుష్‌లు

ప్రశ్న: నాలుగేళ్ళ క్రితం 2009 మోడల్ బీఎండబ్ల్యూ 5 సిరీస్ డీజిల్ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి లక్షా పదిహేను వేల కిలోమీటర్లు తిరిగింది. హైదరాబాదు రోడ్డు మీద 100 వేగంలో ఉండగా బ్రేకు వేస్తే స్టీరింగ్ అటూ ఇటూ వణుకుతోంది. ఊళ్ళో స్పీడ్ బ్రేకర్లు దిగేటప్పుడు ముందు ఎడమవైపు నుంచి ‘దబ్’మని చప్పుడు వస్తోంది. మొదట బ్రేకు డిస్కులు, ప్యాడ్లు మార్పించాను, తేడా రాలేదు. ఆ తరువాత ముందు ఆర్మ్‌ల (చక్రాన్ని కారుకు కలిపే కడ్డీల) చివర ఉండే రబ్బరు బుష్‌లన్నీ కొత్తవి వేశారు. కారును లిఫ్ట్ మీదికి ఎత్తి, ఒక్క పూటలో అన్నీ బిగించి దించారు. వణుకు పూర్తిగా పోయింది కానీ, ఎనిమిది నెలలకే మళ్ళీ మొదలైంది. ఎడమ టైరు లోపలి అంచు కూడా అరిగిపోతోంది. సెట్టంతా మళ్ళీ మార్చాలని ఒక మెకానిక్, స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు అందించే స్టీరింగ్ ర్యాక్ పోయిందని మరొకరు చెబుతున్నారు. డబ్బు పెట్టే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకునే దారి ఏమిటి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. బుష్‌లు మార్చగానే వణుకు పూర్తిగా పోయిందంటే, అప్పుడు లోపాన్ని పట్టుకోవడంలో పొరపాటు జరగలేదన్నమాట. స్టీరింగ్ ర్యాక్ అరిగి ఉంటే కొత్త బుష్‌లతో వణుకు కొంత తగ్గేదేమో కానీ, ఎనిమిది నెలల పాటు జాడ లేకుండా పోయేది కాదు. కాబట్టి ర్యాక్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. నిజానికి తేల్చవలసిన ప్రశ్న వేరే ఉంది: ఏళ్ళ తరబడి మన్నవలసిన బుష్ ఎనిమిది నెలలకే ఎందుకు చెడింది? నాసిరకం సరుకు ఒక కారణం కావచ్చు. అయితే కారు లిఫ్ట్ మీద ఉండగానే అన్నీ బిగించి దించారని మీరు రాసిన వాక్యం చదివిన తరువాత నా అనుమానం సరుకు కన్నా పనితనం మీదికే పోతోంది.

ఈ కారు ముందు చక్రాలకు ఒక్కొక్క వైపు కింద రెండేసి అల్యూమినియం ఆర్మ్‌లు ఉంటాయి. ఒకటి చక్రానికీ ఇంజను కింది చట్రమైన సబ్‌ఫ్రేముకూ మధ్య దాదాపు అడ్డంగా ఉండి చక్రం పక్కలకు జరగకుండా చూస్తుంది. రెండోది ఏటవాలుగా ఉండి చక్రం ముందుకూ వెనక్కూ పోకుండా ఆపుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాన్ని వెనక్కి తోసే బలమంతా ప్రధానంగా ఈ రెండో ఆర్మ్ మీదనే పడుతుంది. రెండు ఆర్మ్‌లకూ చక్రం వైపు చివర అన్ని వైపులకూ తిరిగే గుండు కీలు, అంటే బాల్ జాయింటు, సబ్‌ఫ్రేము వైపు చివర రబ్బరు బుష్ ఉంటాయి. ఏటవాలు ఆర్మ్‌కు ఉండేది మామూలు బుష్ కాదు, హైడ్రాలిక్ బుష్; దాని రబ్బరు లోపల గదులు, వాటి నిండా ద్రవం ఉంటాయి. చక్రం అదిరినప్పుడు ఆ ద్రవం ఒక గది నుంచి మరొక గదిలోకి సన్నని దారి గుండా పోతూ అదురును మింగేస్తుంది. రబ్బరు చిట్లి ద్రవం కారిపోతే అదురును మింగే శక్తి పోతుంది. డిస్కులో వెంట్రుకవాసి హెచ్చుతగ్గులు ఉన్నా, అంతకుముందు తెలియకుండా పోయిన ఆ చిన్న అదురే ఇప్పుడు చేతులకు తగిలేంత పెద్దదవుతుంది. డిస్కులు మార్చినా మీకు తేడా కనిపించకపోవడం ఇందువల్లనే కావచ్చు.

ఇక బిగింపు విషయానికి వద్దాం. ఇటువంటి బుష్‌లో రబ్బరు లోపలి ఇనుప గొట్టానికీ బయటి రింగుకూ గట్టిగా అతుక్కొని ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం సబ్‌ఫ్రేముకు కదలకుండా పట్టుకుంటుంది, బయటి రింగు ఆర్మ్‌తో పాటు తిరుగుతుంది, ఈ రెంటి మధ్యలో రబ్బరు మెలిపడుతుంది. ఇక్కడ ఏదీ జారదు, ఒరుసుకోదు. ఉన్న కదలికంతా రబ్బరు మెలికలోనే జరుగుతుంది. కాబట్టి కారు తన బరువు మీద నేలపై మామూలుగా నిలబడినప్పుడు ఆ మెలిక సున్నా దగ్గర ఉండాలి. అప్పుడే చక్రం గుంతలో దిగినా, గడ్డ ఎక్కినా రబ్బరు రెండు వైపులకూ సమానంగా మెలిపడి తిరిగి స్వస్థానానికి వస్తుంది. కారు లిఫ్ట్ మీద ఉండగా చక్రాలు కిందికి వేలాడతాయి. ఉదాహరణకు ఆర్మ్ పొడవు 38 సెంటీమీటర్లనుకుని, చక్రం మామూలు స్థానం కన్నా 8 సెంటీమీటర్లు కిందికి వేలాడుతోందనుకుంటే, ఆర్మ్ సుమారు 12 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ స్థితిలో బోల్టు బిగిస్తే, కారును కిందికి దించిన మరుక్షణం నుంచి రబ్బరు 12 డిగ్రీల మెలికతోనే బతకాలి. రాత్రి ఇంటి ముందు నిలబెట్టిన కారులో కూడా ఆ మెలిక సడలదు. పొద్దున్నే స్పీడ్ బ్రేకర్ ఎక్కితే దాని మీద మరికొన్ని డిగ్రీలు చేరతాయి. ఏప్రిల్, మే నెలల మన ఎండలకు, తారు రోడ్డు సెగకు అసలే గట్టిపడుతున్న రబ్బరు ఇంత మెలికను ఎంత కాలం ఓర్చుకుంటుంది? మొదట గొట్టం అంచు దగ్గర సన్నగా చీలి, తరువాత గది వరకూ చిట్లి ద్రవం కారుతుంది. కొత్తగా ఉన్నన్నాళ్ళు బాగానే పనిచేసి, కొద్ది నెలలకు లొంగిపోవడం ఈ తప్పుడు బిగింపుకు సరిగ్గా సరిపోయే లక్షణం.

అయినా అనుమానం అనుమానమే, నిర్ధారించుకున్న తరువాతే డబ్బు ఖర్చు పెట్టండి. ముందు రోడ్డు మీద పరీక్ష. 80 నుంచి 100 వేగంలో బ్రేకును మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూడండి. వెనక వాహనాలు లేని చోట చేయాలని వేరే చెప్పనక్కరలేదు. స్టీరింగ్ వణుకుతూ బ్రేకు పెడల్ కూడా పాదానికి కొట్టుకుంటుంటే డిస్కును అనుమానించాలి. డిస్కులు కొత్తవే అయినా, చక్రం, డిస్కు బిగిసే హబ్ మీది తుప్పును శుభ్రం చేయకుండా కూర్చోబెట్టినా, చక్రం బోల్టులను ఒకదాన్ని ఎక్కువగా, ఒకదాన్ని తక్కువగా బిగించినా అవి వంకరగా తిరుగుతాయి. ఈ కారు చక్రం బోల్టులకు 120 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. టైర్ల షాపులలో గాలి గన్నుతో బిగించే అలవాటు ఇక్కడ మంచిది కాదు. పెడల్ నిశ్చలంగా ఉండి స్టీరింగ్ మాత్రమే ఊగుతుంటే బుష్‌దే తప్పు కావడానికి అవకాశం ఎక్కువ. బ్రేకుతో పని లేకుండా ఏదో ఒక వేగం దగ్గర మాత్రమే వణుకు వచ్చి, ఆ వేగం దాటగానే పోతుంటే అది వీల్ బ్యాలెన్సింగ్‌కు సంబంధించింది.

రెండో పరీక్షకు ఇంకొక మనిషి కావాలి. సమతలంగా ఉన్న చోట కారు నిలిపి, ఇంజను నడుస్తుండగా బ్రేకును గట్టిగా తొక్కి పట్టి, గేరును డి (ముందుకు) నుంచి ఆర్ (వెనక్కు)కు, ఆర్ నుంచి డికి మారుస్తూ ప్రతిసారీ యాక్సిలరేటర్‌ను కొద్దిగా తాకించాలి. రెండో మనిషి కారుకు పక్కగా, నాలుగడుగుల దూరంలో నిలబడి మడ్‌గార్డు అంచుకూ టైరుకూ మధ్య ఉన్న సందును గమనించాలి. కారుకు ఎదురుగా కానీ వెనక కానీ ఎవరూ ఉండకూడదు. ఎడమ చక్రం ముందుకూ వెనక్కూ స్పష్టంగా జరుగుతూ, కుడి చక్రం అంతగా జరగకపోతే, మీరు వెతుకుతున్న బుష్ ఎడమవైపు ఏటవాలు ఆర్మ్‌దే. డి నుంచి ఆర్‌కు మారినప్పుడల్లా ‘టక్’మని ఒక్క చప్పుడు వినిపించడం కూడా దీనికి బలమైన ఆనవాలు.

తరువాత కారును షెడ్డులో కింద నిలబడి చూసేందుకు తవ్విన గుంత మీదికి తీసుకుపోండి, లేదా నాలుగు చక్రాలూ ఆనే ర్యాంపు మీదికి ఎక్కించండి. చక్రాలు వేలాడే లిఫ్ట్ మీద ఈ పరీక్ష చేస్తే చీలిక మూసుకుపోయి కనబడకపోవచ్చు. మంచి టార్చ్ వేసి ఏటవాలు ఆర్మ్ బుష్‌ను చూడండి. దాని చుట్టూ, సబ్‌ఫ్రేము మీద నల్లని జిడ్డు మరక దుమ్ముతో కలిసి పొరగా పేరుకొని ఉంటే ద్రవం కారిందని అర్థం. అది ఇంజన్ ఆయిలని చెప్పి తుడిచేసే మెకానిక్‌లు ఉన్నారు. తుడిచి, వారం తిరిగిన తరువాత మళ్ళీ చూస్తే ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిపోతుంది. మరక లేకపోతే పొడవాటి ఇనుప లివర్‌ను ఆర్మ్‌కూ సబ్‌ఫ్రేముకూ మధ్య పెట్టి నెమ్మదిగా ఎత్తండి. రబ్బరు సాగుతూ గొట్టంతో కలిసి కదలడం మామూలే. రబ్బరు ఒక చోట, గొట్టం ఒక చోట విడిగా కదిలితే, మధ్యలో సందు తెరుచుకొని కనిపిస్తే బుష్ పని అయిపోయినట్టే. పైపైన జుట్టులాంటి సన్నని గీతలు ఉన్నంత మాత్రాన బుష్ పోయిందని తీర్మానించకూడదు. కొంత కాలం వాడిన రబ్బరు మీద అవి మామూలే. కుడివైపూ ఇదే పరీక్ష చేసి రెంటినీ పోల్చడం తప్పనిసరి, ఎందుకంటే ఎంత కదలిక ఎక్కువ అన్నది పక్కదానితో పోలిస్తేనే తెలుస్తుంది.

స్పీడ్ బ్రేకర్ దగ్గర వచ్చే చప్పుడు వేరే లోపం కూడా కావచ్చు. చక్రాన్ని గాలిలోకి ఎత్తి, పైనా కిందా పట్టుకొని ఊపితే ఆడుతుంటే బాల్ జాయింటునో వీల్ బేరింగ్‌నో అనుమానించాలి. ఎడమా కుడీ పట్టుకొని ఊపినప్పుడు ఆడుతుంటే ర్యాక్‌ను చక్రానికి కలిపే టై రాడ్, దాని తరువాతే ర్యాక్. మీ మెకానిక్ ర్యాక్ పేరెత్తారు కాబట్టి, ఆయన ఎదుటే ఈ ఒక్క పరీక్ష చేయించండి. రెండు చక్రాలలో ఒకటి మాత్రమే గుంతలో పడినప్పుడు టకటకమని చిన్న చప్పుడు వరుసగా వస్తే అది ఎక్కువగా కారు పక్కకు ఒరగకుండా చూసే స్టెబిలైజర్ లింక్ రాడ్. కారు నిలబడి ఉండగా స్టీరింగ్ తిప్పుతూ, షాక్ అబ్జార్బర్ స్ప్రింగ్ మీద చేయి ఆనిస్తే టింగుమని ఎగిరినట్టు తగిలితే పైన ఉండే మౌంటింగ్ పోయింది. ఈ రెండూ ఏటవాలు ఆర్మ్ బుష్ కన్నా చిన్న పనులు.

టైరు లోపలి అంచు అరగడానికి కారణం చక్రాల దిశలో వచ్చిన తేడా. అలైన్‌మెంట్ యంత్రం మీద నిలబడి ఉన్నప్పుడు కొలతలన్నీ సరిగ్గానే ఉండి, కారు కదిలి బ్రేకు పడగానే మెత్తబడిన బుష్ లొంగిపోయి చక్రం దిశ మారుతుంది. అందుకే బుష్ మార్చకుండా ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా డబ్బు దండగే.

నిర్ధారణ జరిగిన తరువాత సెట్టంతా కొనవద్దు. చెడినది ఏటవాలు ఆర్మ్ బుష్ అయితే ఎడమ, కుడి రెండు వైపులా అవే మార్చండి, మిగిలిన వాటిని వదిలేయండి. ఒక్క వైపే మారిస్తే బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగవచ్చు. బుష్ ఒక్కటే కొనాలా, ఆర్మ్‌తో సహా కొనాలా అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది: బాల్ జాయింటు కూడా మొదటి నుంచీ ఉన్నదే అయితే ఆర్మ్ మొత్తం మార్చడం మంచిది. బుష్ ఫ్యాక్టరీలోనే సరైన కోణంలో కూర్చొని వస్తుంది, బుష్‌ను యంత్రంతో నొక్కి కూర్చోబెట్టే ప్రెస్ పని తప్పుతుంది, బాల్ జాయింటు కోసం మళ్ళీ విప్పే కూలి మిగులుతుంది. ఈ కార్లకు విడిభాగాలు చేసే జెడ్ఎఫ్ వారి లెమ్‌ఫోర్డర్ పేరుతో వచ్చే ఆర్మ్‌లు కారు కంపెనీ పెట్టెలో వచ్చే వాటికి తీసిపోవు. వాటి మీద కారు కంపెనీ గుర్తు ఉండే చోట సాన పట్టి చెరిపేసిన మచ్చ కనబడితే కంగారు పడనక్కరలేదు, అది మామూలే.

బుష్ ఒక్కటే మార్చదలిస్తే రెండు విషయాల్లో పట్టుబట్టండి. పాత బుష్‌ను గ్యాస్ మంటతో కాల్చి తీయనివ్వకండి. అల్యూమినియం ఆర్మ్‌కు మంట తగిలితే దాని బలం తగ్గుతుంది, ఆ సంగతి పైకి కనిపించదు. పైగా ద్రవం నిండిన బుష్ వేడికి పేలి మీద పడవచ్చు. రెండోది, హైడ్రాలిక్ బుష్‌కు దిశ ఉంటుంది. లోపలి గదులు బ్రేకు బలం వచ్చే దిశకు ఎదురుగా ఉండాలి. పాతది తీయక ముందే బయటి రింగు గుర్తు ఆర్మ్ మీద ఎక్కడ ఉందో పెయింట్ పెన్నుతో గీత గీసి, కొత్తదాన్ని అదే గీతకు కలపాలి. ప్రెస్ చేసేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి, రబ్బరు మీద కానీ లోపలి గొట్టం మీద కానీ కాదు. జారడానికి గ్రీజు కాకుండా సబ్బు నీళ్ళు రాస్తే చాలు. బాల్ జాయింటును విడదీయడానికి పుల్లర్ వాడాలి. సమ్మెటతో ఆర్మ్ మీద కొడితే అల్యూమినియం నొక్కుకుపోతుంది.

చివరి ఘట్టం బిగింపు, ఇది జరిగేటప్పుడు మీరు పక్కనే ఉండండి. కారును ఎత్తక ముందే, సమతలమైన చోట, చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఉన్న దూరాన్ని టేపుతో కొలిచి రెండు వైపులా రాసి పెట్టుకోండి. పని అయిన తరువాత బుష్ బోల్టులను చేతితో తిరిగేంత వదులుగా ఉంచాలి. ర్యాంపు ఉంటే కారును చక్రాల మీద దించి, ముందు వెనకలుగా రెండుసార్లు కదిపి, అప్పుడు బిగించాలి. ర్యాంపు లేకపోతే స్టాండ్ల మీద ఉన్న కారులోనే చక్రం హబ్ కింద జాకీ పెట్టి, మీరు రాసుకున్న కొలత వచ్చే వరకు ఎత్తి, అప్పుడు బిగించాలి. జాకీ ఎత్తేటప్పుడు కారు స్టాండు మీది నుంచి లేవకుండా చూడాలి. ఈ బోల్టులకు ఉండే సెల్ఫ్ లాకింగ్ నట్లు ఒకసారి విప్పిన తరువాత మళ్ళీ వాడకూడదు, కొత్తవి ముందే కొని పెట్టుకోండి. బిగింపు ఎంతో ఆ మోడల్ మాన్యువల్‌లో చూసి బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో చేయించండి. చేతి అంచనా పనికిరాదు. ఈ ఒక్క మెట్టుకు పట్టేది అరగంట. దాన్ని ఎగ్గొట్టినందుకే మీరు రెండోసారి ఖర్చు పెడుతున్నారని నా అభిప్రాయం.

తరువాత అలైన్‌మెంట్ తప్పనిసరి. అది పూర్తయ్యాక స్టీరింగ్ కోణాన్ని కొలిచే సెన్సార్‌ను స్కానర్‌తో సరిచేయించాలి. లేకపోతే కారు నేరుగా పోతున్నా, కారు అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ దీపం వెలగవచ్చు.

ఒక మాట, ఇది అడగకపోయినా చెప్పాలి. సర్వీసింగ్ అయ్యాక కారు అడుగు భాగానికి డీజిల్ కొట్టే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. బుష్‌లలో ఉండే సహజ రబ్బరు డీజిల్‌ను పీల్చి ఉబ్బి, మెత్తబడి, గొట్టం నుంచి ఊడుతుంది. నీళ్ళతో కడిగి ఆరబెట్టమని చెప్పండి, అంతకు మించి ఏమీ అక్కరలేదు.

ప్రశ్న: నాది 2006 మోడల్ మెర్సిడెస్ ఈ-క్లాస్. గ్రానైట్ లారీల తాకిడికి మా వైపు రోడ్లన్నీ గతుకులే. రబ్బరు బుష్‌ల బదులు పాలీయురేథేన్ బుష్‌లు వేస్తే జీవితాంతం మన్నుతాయంటున్నారు. వేయించవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వేయించవద్దు. పాలీయురేథేన్ బుష్ గొట్టానికి అతుక్కొని ఉండదు, దాని మీద ఒరుసుకుంటూ తిరుగుతుంది. ఒకే ఇరుసు మీద తిరిగే సాదా ఆర్మ్‌కు, అదీ రేసింగ్ కోసం అయితే, అది మంచి వస్తువే. మీ కారులో ఒక్కో చక్రాన్ని అనేక లింకులు పట్టి ఉంచుతాయి, చక్రం పైకి లేచినప్పుడు ఒక్కో లింకు తిరగడమే కాక కొద్దిగా పక్కకు ఒరుగుతుంది కూడా. రబ్బరు ఆ ఒరుగును సహిస్తుంది, గట్టి పాలీయురేథేన్ సహించదు. దానితో బలం బాల్ జాయింట్ల మీదికీ, బోల్టు చెవుల మీదికీ పోతుంది. పైగా గ్రీజు ఎండగానే కిర్రుమనే చప్పుడు, గతుకుల అదురు నేరుగా క్యాబిన్‌లోకి. మీరు ఆ కారు కొన్నది ఆ రెండూ వినబడకుండా ఉండడానికే కదా. మంచి రబ్బరు బుష్ వేయించి, టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే ఉంచండి. ‘రోడ్లు బాగోలేవు కదా, కొంచెం ఎక్కువ కొట్టు’ అనడం వల్ల బుష్‌లకు మేలు జరగదు, కీడే జరుగుతుంది.

ప్రశ్న: పాత కారు వెనక లింక్ బుష్‌లు దొరకడం లేదు. బొగ్గు గనుల కన్వేయర్ బెల్టు రబ్బరును లేత్ మీద తీసి బుష్ చేసి ఇస్తామని ఇక్కడ ఒకరు అంటున్నారు. చాలా గట్టిగా ఉంటుందట.
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: గట్టిదనమే దాని లోపం. కన్వేయర్ బెల్టులో రబ్బరు పొరల మధ్య నేత గుడ్డో ఉక్కు తీగలో ఉంటాయి. అది లాగుడుకు నిలబడేందుకు చేసింది, మెలికకు కాదు. లేత్ మీద తీసిన ముక్క గొట్టానికి అతుక్కొని కూడా ఉండదు కాబట్టి లోపలే తిరిగి నెల రోజుల్లో వదులవుతుంది. వెనక లింకులో వదులు అంటే అధిక వేగంలో కారు వెనక భాగం దానంతట అదే పక్కకు తొలగడం. పాత బుష్ బయటి కొలత, లోపలి కొలత, పొడవు వెర్నియర్‌తో తీసుకొని, కారు ఛాసిస్ నంబరుతో హైదరాబాదు విడిభాగాల దుకాణాలలో అడిగించండి. ఛాసిస్ నంబరు చెబితే, అదే భాగం వాడిన ఇతర మోడళ్ళు కూడా కేటలాగులో బయటపడతాయి. బుష్ విడిగా దొరకకపోయినా లింకు మొత్తంగా దొరికే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: బుష్ చిట్లిందని మెకానిక్ చూపించారు. వచ్చే నెల వరకు డబ్బు సర్దుబాటు కాదు. అప్పటి వరకు కారు నడపవచ్చా?
– ఒక పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: ద్రవం కారినా, రబ్బరు ఇంకా గొట్టాన్ని పట్టుకొని ఉంటే, ఊళ్ళో నెమ్మదిగా నడపవచ్చు. హైవే మీదికి వెళ్ళవద్దు. రబ్బరు పూర్తిగా ఊడి, బ్రేకు వేసినప్పుడు ఇనుముకు ఇనుము తగిలే చప్పుడు వస్తుంటే మాత్రం కారును అక్కడే ఆపాలి. బాల్ జాయింటు ఆడుతుంటే కిలోమీటరు దూరం కూడా నడపకండి. అది ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది. మీ మెకానిక్ చూపించింది బుష్‌నా, బాల్ జాయింటునా అన్నది ముందు స్పష్టంగా అడిగి తెలుసుకోండి.